వాకీటాకీ కొనేముందు చెవి సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

రెస్టారెంట్లు, క్యాంటీన్లు, విందు హాళ్లు నడిపేవారు సిబ్బంది కోసం వాకీటాకీలు కొనేటప్పుడు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇది ఎన్ని కిలోమీటర్లు అందుతుంది?" అమ్మేవారు కూడా పెట్టె మీది అంకె చూపించి సరిపెడతారు. వంటగదికీ హాలుకీ మధ్య వంద మీటర్లు కూడా లేని చోట ఆ ప్రశ్నతో పనే లేదు. అక్కడ మాటను చెడగొట్టేది దూరం కాదు. పొగ లాగే ఫ్యాన్ల హోరు, గిన్నెలు కడిగే చోటి మోత, స్టీలు తలుపులు, తడి చేతులు, చెవిలో నిలవని ఇయర్‌పీసు. కొన్న కొద్ది నెలలకే సెట్లు సొరుగులోకి చేరిన చోట చూస్తే చాలాసార్లు సెట్టు బాగానే ఉంటుంది. చెవికీ నోటికీ చేసిన ఏర్పాటే సరిగ్గా ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ కిలోమీటర్ల లెక్క తేల్చేద్దాం. పెట్టె మీద వేసే పెద్ద పెద్ద అంకెలు ఒకరు ఎత్తు మీద, మరొకరు పల్లంలో నిలబడి, మధ్యలో అడ్డేమీ లేనప్పటివి. భవనం లోపలికి వచ్చాక వాటిని మరిచిపోవడమే మంచిది. వాట్లు పెంచితే సరిపోతుందనుకోవడమూ అలాంటిదే. ఖాళీ మైదానంలోనైనా దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగు రెట్లు కావాలి. 2 వాట్ల సెట్టు బదులు 4 వాట్లది తీసుకుంటే కలిసొచ్చేది 3 డెసిబెల్స్ (సిగ్నల్, శబ్దాల బలాన్ని కొలిచే ప్రమాణం) మాత్రమే. ఇనుప చువ్వలు వేసిన మందపాటి కాంక్రీటు గోడ ఒక్కటే అంతకు మించి మింగేస్తుంది. పైగా వాట్లు పెరిగితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, సెట్టు వేడెక్కుతుంది, నడుముకు బరువు. ఒకటి రెండు అంతస్తుల్లో నడిచే చోటికి అర వాటు నుంచి 2 వాట్ల వరకు సరిపోతుంది.

వాట్ల కంటే ముందు చూడాల్సింది బ్యాండ్, అంటే సెట్టు పనిచేసే ఫ్రీక్వెన్సీల వరస. వీహెచ్ఎఫ్ సెట్లు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య, యూహెచ్ఎఫ్ సెట్లు ఎక్కువగా 400 నుంచి 470 మధ్య పనిచేస్తాయి. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్లు. 450 దగ్గర 67 సెంటీమీటర్లు. పొట్టి తరంగం తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి, వంటలు అందించే కిటికీ లోంచి సులభంగా దూరి అవతలికి చేరుతుంది. అందుకని భవనాల లోపలి పనికి యూహెచ్ఎఫ్. పొలాల్లో, తోటల్లో ఆరుబయట విందులు మాత్రమే చేసేవారికి వీహెచ్ఎఫ్ పనికొస్తుంది కానీ, వారు కూడా ఎప్పుడో ఒకప్పుడు భవనంలోకి రావాల్సిందే.

సెట్టు ఒంటి మీద ఎక్కడ ఉందన్నదీ లెక్కే. నడుము బెల్టుకు వేలాడుతూ యాంటెన్నా ఒంటికి ఆనుకుని ఉంటే శరీరమే సిగ్నల్‌లో కొంత భాగం తాగేస్తుంది. అదే సెట్టు చేతిలోకి తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంటే పనిచేస్తుంది. "చేతిలో ఉంటే వినిపిస్తోంది, బెల్టుకు పెడితే వినిపించడం లేదు" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే, సెట్టు లోపం కాదు. యాంటెన్నా ఒంటి నుంచి కాస్త బయటికి ఉండేలా క్లిప్పును నడుము పక్కకు జరిపితే తేడా తెలుస్తుంది. చూడ్డానికి ముద్దుగా ఉందని మరీ పొట్టి యాంటెన్నా వేయించుకుంటే అక్కడ ఇంకొంత పోతుంది.

ఇక అసలు విషయం, చెవి. పొగ లాగే ఫ్యాన్లన్నీ తిరుగుతున్న వంటగదిలో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. అలాంటి చోట సెట్టుకున్న చిన్న స్పీకరు మీద ఆధారపడితే ఒకటే దారి, శబ్దం చివరి దాకా పెంచడం. అప్పుడు ఆ మాట భోజనం చేస్తున్నవారి బల్లల దాకా వెళ్తుంది. ఏ బల్ల మీద ఫిర్యాదు వచ్చిందో, ఏ వంట అయిపోయిందో హాలంతా వింటుంది. ఇద్దరు దగ్గరదగ్గరగా నిలబడి ఒకరు బటన్ నొక్కితే, రెండోవారి స్పీకరు శబ్దం మొదటివారి మైకులోకి వెళ్లి కీచుమని కూత పెడుతుంది. హాల్లో తిరిగేవారికి ఇయర్‌పీసు తప్పనిసరి అనే మా అభిప్రాయం. సెట్టుకు తోడుగా ఉచితంగా ఇచ్చినది కాదు, చూసి ఎంచుకున్నది.

ఇయర్‌పీసుల్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి చెవి వెనక కొక్కెంలా తగిలించుకుని చిన్న స్పీకరును చెవి రంధ్రం ముందు నిలిపేది. ఇది చెవిని మూయదు కాబట్టి ఎదుటి అతిథి మాట కూడా వినబడుతుంది. గంటల తరబడి పెట్టుకున్నా బాధ తక్కువ. హాల్లో పనికి ఇది చాలు. రెండోది పారదర్శక గొట్టం రకం. చొక్కా దగ్గరున్న చిన్న స్పీకరు నుంచి శబ్దం గాలి గొట్టంలో ప్రయాణించి సిలికాన్ బుడిపె ద్వారా చెవిలోకి చేరుతుంది. చెవిని కొంత మూస్తుంది కాబట్టి హోరులోనూ మాట తెలుస్తుంది. దీనికి వచ్చే రోగం ఒకటే: చెమట, ఆవిరి గొట్టంలో చేరి చుక్కగా నిలిస్తే శబ్దం ఉన్నట్టుండి సన్నగిల్లుతుంది. అది చూసి ఇయర్‌పీసు పోయిందని పారేస్తారు. గొట్టాన్ని విడదీసి, ఊది, ఆరబెట్టి మళ్లీ తగిలిస్తే చాలు. గొట్టమూ బుడిపె విడిగా దొరికే రకమే కొనండి. మొత్తం తీగతో సహా మార్చాల్సిన రకం ఖర్చుదారి.

ఏ రకమైనా ఒక చెవికే. రెండు చెవులూ మూస్తే వెనక వేడి పాత్ర మోసుకొస్తూ "పక్కకు" అని అరిచినవారి మాట వినపడదు. ఇంకో జాగ్రత్త వినికిడికి సంబంధించింది: హోరులో ఇయర్‌పీసు శబ్దం పెంచి, హోరు తగ్గాక తగ్గించడం మరిచిపోతారు. సెట్టులో ఇయర్‌పీసుకు గరిష్ఠ శబ్ద పరిమితి పెట్టే వీలుంటే ప్రోగ్రామ్ చేసేటప్పుడే, అంటే సెట్టులో ఛానళ్లు, అమరికలు నింపేటప్పుడే, పెట్టించండి.

వినడం సగమే. మిగతా సగం మైకు. నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 20 సెంటీమీటర్లకు జరిపితే మాట 12 డెసిబెల్స్ తగ్గుతుంది, ఫ్యాన్ల హోరు మాత్రం రెండు చోట్లా అంతే ఉంటుంది. అంటే ఛాతీ మధ్యలో వేలాడే మైకులోకి వెళ్లేది ప్రధానంగా హోరే. తీగ మీది మైకును కాలరు అంచుకు క్లిప్పు చేసి, మాట్లాడేటప్పుడు చేత్తో నోటి దగ్గరికి తేవాలి. అరవనక్కర్లేదు, అరిస్తే మాట పగులుతుంది. బటన్ నొక్కకుండానే మాటతో దానంతటదే పలికే 'వాక్స్' ఏర్పాటు గురించి అమ్మేవారు గొప్పగా చెబుతారు. వంటగది ఉన్న చోట దాన్ని ఆపేయించండి. దానికి మాటకూ మూత పడ్డ చప్పుడుకూ తేడా తెలియదు. గిన్నె పడినప్పుడల్లా సెట్టు పలుకుతుంది, ఛానల్ నిండిపోతుంది, మిగతావారెవరికీ సందు దొరకదు.

వంట చేసేవారందరికీ సెట్లు ఇవ్వడం దండగ అనే మేము చెబుతాం. చేతులు పిండిలోనో నూనెలోనో ఉన్నవారు బటన్ నొక్కరు, నొక్కకూడదు కూడా. వంటలు అందించే కౌంటర్ దగ్గర ఆర్డర్లు చూసుకునే ఒక్కరికి సెట్టు ఇచ్చి, ఆ ఒక్కరే లోపలికి నోటితో చెప్పడం మేలు. లేదా అదే కౌంటర్ దగ్గర గోడకు ఒక సెట్టును ఛార్జర్ స్టాండ్‌లో నిలిపి, తీగతో ఉన్న స్పీకరు మైకు తగిలించవచ్చు. చెవికి ఏమీ లేకుండా ముగ్గురు నలుగురికి వినబడుతుంది. అలా నిలిపేటప్పుడు పొయ్యి పైభాగాన, వేయించే నూనె కళాయి పక్కన వద్దు. నూనె ఆవిరి స్పీకరు జల్లెడలో పేరుకుని కొన్నాళ్లకు మాట ముద్దముద్దగా వస్తుంది. లిథియం అయాన్ బ్యాటరీలను 45 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట ఛార్జి చేయడమూ మంచిది కాదు.

తీగలు మెడలోంచి ముందుకు వేలాడకూడదు. చొక్కా లోపలి నుంచి తీసుకోవాలి. పిండి కలిపే యంత్రం, ముక్కలు కోసే యంత్రం దగ్గర పనిచేసేవారికి మెడలో తాడు వేసి సెట్టు వేలాడదీయడం ప్రమాదం. అలాగే ఊడిపోయే సిలికాన్ బుడిపె నేరుగా వంటలో పడే వస్తువు అని గుర్తుంచుకోవాలి. ఆహార కర్మాగారాల్లో వాడే చెవి బిరడాలు, బ్యాండేజీలు నీలం రంగులో, లోహపు జాడతో ఉండేది ఇందుకే: పడితే కంటికి కనబడాలి, లోహ పరీక్ష యంత్రానికి దొరకాలి. పారదర్శక గొట్టం, పారదర్శక బుడిపె ఈ రెండింటికీ లొంగవు. కాబట్టి తెరిచి ఉన్న పాత్రల దగ్గర నిలబడేవారికి కొక్కెం రకమే ఇవ్వండి.

ఇయర్‌పీసు ఎవరిది వారిదే. సెట్టు షిఫ్టు మారినప్పుడు చేతులు మారవచ్చు, బుడిపె మారకూడదు. పేరు రాసిన చిన్న సంచిలో పెట్టుకోవడం అలవాటు చేస్తే పంచాయతీ ఉండదు. బుడిపెలను విడదీసి సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టాలి. సెట్టును మాత్రం 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పిండిన గుడ్డతో, ఆపేసి తుడవాలి; నేరుగా పిచికారీ చేస్తే ద్రవం మైకు రంధ్రంలోకి, బటన్ కిందికి దిగుతుంది. బటన్ తాకిన చేత్తో ఆహారం తాకేముందు చేతులు కడుక్కోవాలన్నది ఫోనుకు ఎంత వర్తిస్తుందో దీనికీ అంతే.

నీటి రక్షణ గురించి ఒక భ్రమ ఉంది. ఐపీ 67 అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా హానికరంగా నీరు చేరదు అని. ఆ పరీక్ష చేసేది మామూలు నీటితో. ఆవిరితో కాదు, నూనెతో కాదు, గిన్నెలు కడిగే మందు కలిపిన నీటితో అసలే కాదు. అదీగాక ఇయర్‌పీసు గుచ్చే రంధ్రానికి ఉన్న రబ్బరు మూత తీయగానే ఆ రేటింగ్‌కు అర్థం పోతుంది. రెండు పిన్నుల మామూలు ఇయర్‌పీసు గుచ్చి ఉన్న సెట్టుకు పెట్టె మీద ఏమి రాసి ఉన్నా అక్కడి నుంచి తడి దిగుతుంది. గిన్నెలు కడిగే చోట పనిచేసేవారికి సెట్టు తప్పదంటే, స్క్రూతో బిగించే కనెక్టరు ఉన్న సెట్టు తీసుకోవాలి. మిగతావారికి నీటి చిందులను మాత్రం తట్టుకునే ఐపీ 54 చాలు.

పిన్నుల విషయంలో ఇంకో మాట. చెడిపోయే ఇయర్‌పీసుల్లో చాలావరకు తెగేది పిన్ను దగ్గర, తీగ వంగే మొదటి రెండు సెంటీమీటర్లలో. కూర్చున్నప్పుడల్లా తీగ అక్కడ మడత పడుతుంది. పిన్ను నిటారుగా కాకుండా పక్కకు తిరిగి ఉండే రకం, ఆ చోట మందపాటి రబ్బరు తొడుగు ఉన్న రకం ఎక్కువ కాలం వస్తుంది. ఒక్కో కంపెనీ పిన్నుల అమరిక ఒక్కోలా ఉంటుంది; కెన్‌వుడ్ తరహా రెండు పిన్నులు మోటరోలా సెట్లకు నప్పవు. చవకగా వచ్చాయని సెట్లు రెండు మూడు రకాలు కలిపి కొంటే ఇయర్‌పీసులు, ఛార్జర్లు, బ్యాటరీలు దేనికదే అయిపోతాయి. ఒకే మోడల్ కొనండి.

మాటను ఉన్నదున్నట్టు తరంగంగా పంపే అనలాగ్ కావాలా, అంకెలుగా మార్చి పంపే డిజిటల్ కావాలా? పది సెట్ల లోపు, ఒకే హాలు, ఒకే వంటగది అయితే అనలాగ్‌తో ఏ లోటూ ఉండదు. సిగ్నల్ బలహీనపడితే అనలాగ్‌లో గరగర పెరుగుతుంది. మాట ఇంకా అర్థమవుతూనే ఉంటుంది, జరిగి నిలబడాలని మనిషికి తెలుస్తుంది. డిజిటల్‌లో చివరి దాకా శుభ్రంగా ఉండి ఒక్కసారిగా మాట ముక్కలై మాయమవుతుంది. డిజిటల్‌కు బలాలు వేరే ఉన్నాయి. డీఎంఆర్ అనే డిజిటల్ రేడియో పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పు ఛానల్‌ను కాలంలో రెండు వంతులుగా పంచుకోవచ్చు. మాట పంపేటప్పుడు ట్రాన్స్‌మిటరు సగం కాలమే పనిచేస్తుంది కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఒక్క మనిషినే పిలవడం, మాటను గుప్తంగా ఉంచడం కుదురుతుంది. అయితే డిజిటల్ సెట్టులో మాటను కుదించే భాగం మనిషి గొంతు తీరుకు తగ్గట్టు తయారైంది. దానికి గొంతుతో పాటు ఫ్యాన్ హోరును సమానంగా తినిపిస్తే బయటికి వచ్చేది గుడగుడలే. అందుకే డిజిటల్ కొన్నవారు మైకు దూరం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, హోరు తగ్గించే అమరిక ఉన్న మోడలే చూడాలి. ఇంకో చిన్న చిరాకు: డిజిటల్ మాట కొద్ది క్షణాంశం ఆలస్యంగా చేరుతుంది. మాట్లాడేవారి పక్కనే నిలబడితే ఒకే మాట రెండుసార్లు వినబడుతుంది.

రెండింటిలోనూ అందరూ చేసే తప్పు ఒకటే, బటన్ నొక్కీ నొక్కకముందే మాట మొదలెట్టడం. అవతలి సెట్టు సిగ్నల్‌ను గుర్తించి స్పీకరు తెరవడానికి కొంత సమయం పడుతుంది. ఆలోగా పలికిన మొదటి అక్షరాలు పోతాయి. "పన్నెండో బల్ల" కాస్తా "ండో బల్ల" అవుతుంది; అది పన్నెండో, రెండో ఎవరికి తెలుసు? నొక్కి, ఒక క్షణం ఆగి, మాట్లాడి, చివరి అక్షరం పలికాక వదలాలి. బల్ల నంబర్లను అంకెలుగా విడదీసి, "ఒకటి రెండు" అని చెప్పడం ఇంకా భద్రం. పిలిచేటప్పుడు ముందు అవతలివారి స్థానం, తర్వాత మన స్థానం: "కౌంటర్, హాలు మాట్లాడుతున్నాను." మనుషుల పేర్ల కంటే స్థానాల పేర్లు మేలు, షిఫ్టు మారినా అవే ఉంటాయి. విన్నవారు "సరే" అనకుండా విన్నది తిరిగి చెప్పాలి.

రేడియోలో చెప్పకూడనివీ ఉన్నాయి. ఏ పదార్థం పడదో చెప్పిన అతిథి ఆర్డరును రేడియో మాటకు మాత్రమే వదిలేయకూడదు. అది రాతలో, ఆర్డరు చీటీ మీదో తెర మీదో ఉండి తీరాలి. రేడియో దాన్ని గుర్తుచేయడానికే. అతిథుల పేర్లు, కార్డు నంబర్లు, నగదు ఎక్కడుంది అన్న మాటలు అసలు వద్దు. ఎందుకంటే అనలాగ్ సెట్లలో 'ప్రైవసీ కోడ్' అని రాసేది గోప్యత కాదు. అది 67 నుంచి 254.1 హెర్ట్జ్ మధ్య వినీవినపడని ఒక స్వరం. ఆ స్వరం ఉన్న మాటలకే మన స్పీకరు తెరుచుకుంటుంది, అంతే. ఇతరుల మాటలు మనకు వినబడవు. మన మాటలు మాత్రం అదే ఫ్రీక్వెన్సీ మీద కోడ్ ఆపి కూర్చున్న ఎవరికైనా వినబడతాయి. పక్క దుకాణం వారు అదే ఛానల్‌లో వేరే కోడ్‌తో ఉంటే చిక్కు ఇంకోటి: వారు మాట్లాడుతున్నట్టు మనకు తెలియదు, మనం బటన్ నొక్కుతాం, రెండు మాటలూ ఢీకొంటాయి. ఛానల్ ఖాళీగా లేనప్పుడు బటన్ పనిచేయకుండా ఆపే అమరికను ప్రోగ్రామింగ్‌లో పెట్టిస్తే ఇది తగ్గుతుంది.

ప్రోగ్రామింగ్‌లోనే మరో రెండు పెట్టించాలి. మొదటిది సమయ పరిమితి, 30 లేదా 60 సెకన్లు. బటన్ కింద జిడ్డు చేరి ఇరుక్కున్నా, మైకు మీద ఎవరైనా కూర్చున్నా, ఆ ఒక్క సెట్టు నిరంతరం పలుకుతూ ఛానల్ మొత్తాన్ని మూగబోయేలా చేస్తుంది; అందరికీ ఎవరిదో ఊపిరి, బట్టల రాపిడి మాత్రమే వినబడతాయి. పరిమితి ఉంటే సెట్టు తనంతట తానే ఆగుతుంది. రెండోది, వాడని ఛానళ్లన్నీ తీసేయడం. 16 ఛానళ్ల నాబ్ తిరిగి వేరే చోట ఆగితే ఆ మనిషి షిఫ్టంతా ఎవరికీ దొరకడు. చిన్న చోటికి ఒకటి, పెద్ద చోటికి హాలు, వంటగది, పర్యవేక్షణ అని మూడు ఛానళ్లు ఎక్కువే. మిగతా స్థానాల్లో కూడా మొదటి ఛానల్‌నే నింపేస్తే నాబ్ ఎటు తిరిగినా ఇబ్బంది లేదు. పని పూర్తయ్యాక ఆ ప్రోగ్రామ్ ఫైలు కాపీ అడిగి తీసుకోండి. తర్వాత ఒక కొత్త సెట్టు చేరినప్పుడు దాని విలువ తెలుస్తుంది. పాత సెట్లు 25 కిలోహెర్ట్జ్ వెడల్పుతో, కొత్తది 12.5తో ఉంటే, మాట వస్తుంది కానీ కొత్తదాని గొంతు పాతవాటిలో పీలగా, పాతవాటి గొంతు కొత్తదానిలో పగిలినట్టు ఉంటుంది. జనం దాన్ని సెట్టు నాణ్యత అనుకుంటారు.

బ్యాటరీని పెట్టె మీది "12 గంటలు" చూసి నమ్మకండి. ఆ లెక్క సాధారణంగా సమయంలో 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, 90 శాతం ఊరికే ఉండటం అన్న ఊహ మీద ఉంటుంది. రద్దీ హాల్లో 10 శాతం మాట, 15 శాతం వినికిడి అనుకోవడం సబబు. మాట్లాడేటప్పుడు 1 ఆంపియర్, వినేటప్పుడు 0.3, ఊరికే ఉన్నప్పుడు 0.06 తీసుకునే సెట్టును 10 గంటలు వాడితే మాటకు 1000, వినికిడికి 450, మిగతాకు 450, మొత్తం 1900 మిల్లీ ఆంపియర్ అవర్లు (బ్యాటరీ మీద రాసే సామర్థ్యపు కొలత). బ్యాటరీ పాతబడ్డాక కూడా సరిపోవాలంటే దీన్ని సామర్థ్యంలో 80 శాతంగా లెక్కకట్టాలి. అంటే 2400 దాకా ఉన్నది కావాలి. ఇదే సెట్టుకు పెట్టె లెక్క వేస్తే 1500 చాలు అని వస్తుంది. రాత్రి వడ్డన మధ్యలో సెట్లు వరసగా కూత పెట్టి ఆగిపోయేది ఈ తేడా వల్లే. మీ సెట్టు అంకెలు దాని వివరాల పత్రంలో ఉంటాయి, ఇదే తీరున లెక్క కట్టుకోండి. ఆరు సెట్లు ఒకేసారి నిలిపే ఛార్జర్ తీసుకుంటే ఏది ఛార్జి కాలేదో ఒక చూపులో తెలుస్తుంది. విడి ఛార్జర్లు ఆరు ప్లగ్గుల్లో చెల్లాచెదురై, వాటిలో ఒకటి ఎప్పుడూ ఊడి ఉంటుంది.

సెట్లు పది అయితే ఒకటో రెండో అదనంగా, ఇయర్‌పీసులు మూడింటికి ఒకటి అదనంగా ఉంచుకోండి.

లైసెన్సు సంగతి క్లుప్తంగా. ఏ దేశంలో వాడతామో ఆ దేశం అనుమతించిన ఫ్రీక్వెన్సీ, శక్తి ఉన్న సెట్టే కొనాలి. భారతదేశంలో లైసెన్సు లేకుండా తక్కువ శక్తి సెట్లకు ఉన్నది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. ఐరోపాలో లైసెన్సు అక్కర్లేని పీఎంఆర్ 446 వరస కూడా అదే చోట, అర వాటుకు మించకుండా, విప్పరాని యాంటెన్నాతో. అమెరికాలో అలాంటిదే అయిన ఎఫ్ఆర్ఎస్ 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, గరిష్ఠంగా 2 వాట్లు. ఒక దేశం నుంచి తెచ్చిన సెట్టు మరో దేశంలో పోలీసు, అత్యవసర సేవల ఛానళ్ల మీద పడవచ్చు. ఈ వరసల్లో కుదరక, రిపీటరు (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ బలంగా పంపే పరికరం) పెట్టాల్సినంత పెద్ద భవనమైతే లైసెన్సు తీసుకుని సొంత ఫ్రీక్వెన్సీ పొందడమే దారి.

అసలు వాకీటాకీ అక్కర్లేని చోట్లూ ఉన్నాయి. కారు కిటికీ దగ్గరే ఆర్డరు తీసుకునే చోట ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోగలిగే డెక్ట్ (తీగలేని ఇంటి ఫోన్లలో వాడే పద్ధతి) హెడ్‌సెట్లు మేలు. వాకీటాకీలో ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆగాల్సిందే. ఫోన్లలో బటన్ నొక్కి మాట్లాడే యాప్‌లు వై-ఫై ఉన్నంత వరకే. కొన్ని హెడ్‌సెట్లు, పాత వై-ఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే మైక్రోవేవ్ ఓవెన్లు పనిచేస్తాయి, వాటి పక్కన మాట తెగుతుంది. ఆరుగురు పనిచేసే చిన్న చోటికి పిలవడానికి మోగించే ఒక గంట చాలు.

కొనేముందు మూడు సెట్లు అద్దెకో పరీక్షకో తీసుకుని, ఖాళీ వేళ కాదు, బాగా రద్దీ ఉన్న వేళ నడిచి చూడండి. ఒకరు కౌంటర్ దగ్గర నిలబడాలి. రెండోవారు ఇయర్‌పీసు పెట్టుకుని, సెట్టు బెల్టుకే ఉంచి, మూల బల్లలు, గిన్నెలు కడిగే చోటు, కింది అంతస్తు గోదాము, లిఫ్టు, వాహనాలు నిలిపే చోటు, తలుపు మూసిన శీతల గది వరసగా తిరగాలి. ప్రతి చోటా అవతలివారు ఇష్టం వచ్చినట్టు పది అంకెలు చదవాలి, ఇటువారు రాసుకోవాలి. తర్వాత ఇటు నుంచి అటు. "వినిపిస్తోందా, ఆ వినిపిస్తోంది" అనే పరీక్ష పరీక్ష కాదు, అలవాటైన మాటను మెదడు పూరించుకుంటుంది. పదికి పది రాని చోట మూడో సెట్టు ఇచ్చిన మనిషిని తలుపు బయట నిలిపి చూడండి. అక్కడ బాగుంటే చిక్కు తలుపుది, సెట్టుది కాదు.

శీతల గది దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. నాలుగు వైపులా లోహపు పలకలు, మూసిన లోహపు తలుపు, మాట బయటికి రాదు. ఎక్కువ వాట్ల సెట్టు కొని దీన్ని గెలవాలని చూడవద్దు. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది. అక్కడి నుంచి వేడి వంటగదిలోకి తెచ్చిన సెట్టు లోపల తేమ చెమ్మగిల్లుతుంది, వెంటనే ఛార్జర్‌లో పెడితే కాంటాక్టులు పాడవుతాయి. లోపల మనిషి చిక్కుకుంటే రేడియో ఉంది కదా అన్న ధీమా అసలే వద్దు. తలుపుకు లోపలి నుంచి తెరిచే పిడి, లోపల చేతికి అందే ఎత్తులో బయట మోగే తీగ గంట ఉండాలి. ఆ గంటను నెలకోసారి తలుపు మూసి మోగించి చూడాలి. గ్యాసు వాసన వచ్చినప్పుడూ ఇలాగే: మామూలు సెట్టు పేలుడు వాయువుల మధ్య వాడటానికి తయారైనది కాదు, అక్కడ బటన్ నొక్కకుండా బయటికి వచ్చాకే మాట్లాడాలి.

ఇట్లు,
వాకీటాకీ సెట్ల ప్రోగ్రామింగ్, మరమ్మతు పనిలో ఉన్నవారు